మొదటి టీకాతో ఆగిపోకండి

శ్రోతలకు నమస్కారం.

పెంపుడు జంతువు జబ్బుపడ్డాక చేసే వైద్యం గురించి కాక, జబ్బుపడకుండా చేయించవలసిన వైద్యం గురించి ఈ పూట మాట్లాడదలచుకున్నాను. ప్రాణం మీదికి వచ్చాక పశువైద్యశాలకు తెచ్చే కుక్కపిల్లలను చూసినప్పుడల్లా ఒక పశువైద్యుడిగా నన్ను బాధపెట్టే సంగతి ఒకటుంది. వాటిలో చాలా పిల్లలకు వచ్చిన జబ్బు, వేళకు టీకాలు పూర్తి చేయించి ఉంటే రాకపోయేది. తీసుకువచ్చినవారు నిర్లక్ష్యం చేసినవారు కూడా కారు. కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకున్న కొత్తలో ఒక టీకా వేయించి, ఇక భయం లేదని మనస్ఫూర్తిగా నమ్మినవారే ఎక్కువ.

ఆ జబ్బు పేరు పార్వో. నిన్న సాయంత్రం దాకా ఇల్లంతా పరుగులు తీసిన పిల్ల పొద్దున్నే మూలన ముడుచుకు పడుకుంటుంది. పాలు పోస్తే వాసన చూసి మొహం తిప్పుకుంటుంది, నురుగులాంటి వాంతులు చేసుకుంటుంది, మర్నాటికల్లా నెత్తురు కలిసిన నీళ్ళ విరేచనాలు మొదలవుతాయి. ఈ వైరస్ శరీరంలో వేగంగా పెరిగే కణాలనే వెతికి పట్టుకుంటుంది కనుక పేగుల లోపలి పొర ఊడిపోతుంది, ఎముక మజ్జ దెబ్బతిని తెల్ల రక్తకణాలు పడిపోతాయి. అంటే రోగంతో పోరాడవలసిన సైన్యం, సరిగ్గా యుద్ధం ముదిరిన వేళకే కరిగిపోతుంది. మేము సెలైన్ ఎక్కించి, వాంతులు ఆపి, ఇతర సూక్ష్మజీవులు రక్తంలోకి చొరబడకుండా మందులిచ్చి, ఆ నాలుగైదు రోజులూ పిల్లను నిలబెట్టడానికి ప్రయత్నిస్తాము. కొన్ని బతుకుతాయి, కొన్ని మా చేతుల్లోనే పోతాయి. 1978 ప్రాంతంలో తొలిసారి గుర్తించిన ఈ వైరస్ రెండేళ్ళు తిరగకుండానే ప్రపంచమంతా పాకింది.

ఒక టీకా వేయించినా ఈ జబ్బు ఎందుకు వస్తుందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే కారణం తెలిసినవారు తర్వాతి మోతాదును వాయిదా వేయరు. కుక్కపిల్ల పుట్టిన మొదటి రోజున తల్లి ముర్రుపాలతో పాటు రోగనిరోధక కణికలు, అంటే యాంటీబాడీలు, దానికి చేరుతాయి. కొన్ని వారాల పాటు పిల్లను కాపాడేవి అవే. అయితే మనం వేసిన టీకాలోని బలహీనపరచిన వైరస్‌ను కూడా అవి శత్రువుగానే చూసి తుడిచిపెడతాయి, దానితో ఆ టీకా పట్టదు. తల్లి ఇచ్చిన ఆ రక్షణ ఒక పిల్లలో ఆరో వారానికే తగ్గిపోవచ్చు, మరొక పిల్లలో పద్నాలుగు, పదహారు వారాల దాకా నిలవవచ్చు. ఒకే ఈతలో పుట్టిన పిల్లల్లోనే ఈ తేడా ఉంటుంది, పైకి చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. అందుచేత ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాల ఎడంతో, పదహారు వారాలు నిండే దాకా వేస్తూ పోతాము. మూడు మోతాదులు వేస్తే బలం మూడింతలవుతుందని కాదు. ఏది పడుతుందో ముందుగా తెలియదు కనుక ఏదీ మానకూడదు. అన్నిటికంటే ముఖ్యమైనది పదహారు వారాలు నిండాక వేసే ఆఖరి మోతాదు, జనం ఎక్కువగా మానేసేదీ అదే. ఏడాదికి మరొకసారి వేయించి, ఆపైన వైద్యుడు చెప్పిన గడువు ప్రకారం కొనసాగించాలి. డిస్టెంపర్, కాలేయానికి వచ్చే హెపటైటిస్, వానాకాలంలో ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ వంటి వాటికి రక్షణ కూడా సాధారణంగా ఈ కలగలుపు టీకాల్లోనే ఉంటుంది. పిల్లులకు పార్వోకు దగ్గరి చుట్టమైన జబ్బు ఒకటి వస్తుంది, కనుక పిల్లి పిల్లలకూ ఇదే నియమం.

టీకాలు పూర్తయ్యే వరకు పిల్లను వీధిలోని ఇతర కుక్కలు తిరిగే చోటికి తీసుకువెళ్ళవద్దు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, మన చెప్పులకు అంటుకుని గడప దాటుతుంది, మామూలు ఫినాయిల్‌కు చావదు. ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి ముప్పై వంతుల నీళ్ళు కలిపి, కడిగిన నేల మీద పోసి పది నిమిషాలు ఉంచితే చస్తుంది. ఈ జబ్బుతో ఒక పిల్ల పోయిన ఇంటికి, దుఃఖం ఆపుకోలేక వెంటనే టీకాలు వేయని మరొక పిల్లను తెచ్చుకోవద్దని నా మనవి.

టీకా మందు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉండాలి. చిన్న సీసాలో అడుగున బిళ్ళలా పొడి ఉంటుంది, వేరే సీసాలోని ద్రవాన్ని సిరంజితో తీసి అందులో కలిపి, కరిగిన వెంటనే ఇస్తారు. ఆ సీసా మీది స్టిక్కరును ఊడదీసి మీ కార్డులో అంటించి, తేదీ వేసి సంతకం చేస్తారు. దుకాణంలో కొని, ఎండలో జేబులో పెట్టుకుని వెళ్ళి, ఎవరిచేతనో వేయించిన టీకాను నేను లెక్కలోకి తీసుకోను.

ఇక పిడుదులు. కొన్ని ఊళ్ళలో గోమార్లంటారు. చెవి మడతలో, కాలి వేళ్ళ సందుల్లో, మెడపట్టీ కింద వేలితో తడిమితే చేతికి తగులుతాయి. నెత్తురు తాగి ఉబ్బిన ఆడ పిడుదు కుక్క మీద నుంచి రాలి, గోడ పగుళ్ళలోకి వెళ్ళి వేల గుడ్లు పెడుతుంది. కనుక కుక్క ఒంటి మీదివి ఏరి పారేసినంత మాత్రాన పీడ వదలదు, అది పడుకునే గోనెసంచి, గూడు, గోడ మూలలు కూడా శుభ్రం చేయాలి. కాటుతో ఇవి ఎర్లికియా, బబీసియా అనే జబ్బులను ఎక్కిస్తాయి. పిడుదులు పశువులకు జ్వరాన్ని అంటిస్తాయని అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ 1893లో రుజువు చేశారు. మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమలో మలేరియా జాడ కనుగొన్నది ఆ తర్వాత నాలుగేళ్ళకు, 1897లో. జ్వరం, చిగుళ్ళు పాలిపోవడం, పొట్ట మీద ఎర్రని చుక్కలు, ముక్కు నుంచి రక్తం కారడం కనిపిస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించండి. నివారణకు నమిలే బిళ్ళలు, మెడ మీద వేసే చుక్కల మందులు ఉన్నాయి. పర్మెత్రిన్ ఉన్న కుక్కల మందును మాత్రం పిల్లికి ఎప్పుడూ వాడకండి, అది పిల్లులకు విషం.

నట్టల మందు రెండు వారాల వయసు నుంచే మొదలుపెట్టాలి, ఎందుకంటే కుక్కపిల్లలకు నట్టలు తల్లి కడుపులో ఉండగానే సంక్రమిస్తాయి. పెద్దయ్యాక మూడు నెలలకోసారి చాలు. ఇంట్లో మట్టిలో ఆడుకునే పిల్లలుంటే ఇది వారికి కూడా రక్షణ.

ఇంట్లోని మందుల డబ్బా గురించి ఒక్క మాట. ఒంట్లో వేడిగా ఉందని వేసే ఒక్క పారాసెటమాల్ మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. ఐబుప్రొఫెన్ కుక్కల కడుపులో పుండ్లు పుట్టించి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఉల్లిపాయలు వేసిన సాంబారన్నం, ఎండుద్రాక్ష వేసిన పరమాన్నం, చాక్లెట్ కూడా వాటికి ప్రేమతో పెట్టకూడనివే.

చివరిగా రేబిస్. లక్షణాలు బయటపడ్డాక ఇది దాదాపు ఎప్పుడూ ప్రాణాంతకమే, మనిషికైనా జంతువుకైనా. కుక్కకు, పిల్లికి మూడో నెల నిండగానే టీకా వేయించి, ఏటేటా వేయిస్తూ ఉండాలి. టీకాలు వేసిన మన ఇంటి కుక్క కరిచినా సరే, గాయాన్ని ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్ళండి. కారం, సున్నం, ఆకు పసరు పెట్టకండి. జోసెఫ్ మైస్టర్ అనే బాలుడికి లూయీ పాశ్చర్ రేబిస్ టీకా ఇచ్చిన 1885 జూలై 6కు గుర్తుగా ఏటా ఆ రోజున, మళ్ళీ సెప్టెంబరు 28న ప్రపంచ రేబిస్ దినాన, ప్రభుత్వ పశువైద్యశాలలు చాలాచోట్ల ఈ టీకాను ఉచితంగా వేస్తాయి. ఆ రోజుల్లో రద్దీ ఉంటుంది కనుక కుక్కను గట్టి గొలుసుతో, పిల్లిని మూత ఉన్న బుట్టలో తీసుకువెళ్ళండి. టీకా అయ్యాక కాసేపు అక్కడే ఆగి, మొహం వాయడం, వాంతి వంటివి లేవని చూసుకుని ఇంటికి బయలుదేరండి.