నలుగురు స్టార్లు ఉంటే 74 గెలుపులు వస్తాయా?

అందరికీ నమస్కారం.

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఏటా వేసవిలో ఆటగాళ్లు జట్లు మారతారు. ముగ్గురో నలుగురో స్టార్లు ఒకే జట్టులో చేరారంటే చాలు, ఈసారి రికార్డు బద్దలవుతుందా అన్న చర్చ మొదలవుతుంది. ఆ రికార్డు 2015-16 సీజన్‌లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ పెట్టింది: 73 గెలుపులు, 9 ఓటములు. దాన్ని దాటాలంటే సీజన్‌లో ఆడే 82 మ్యాచ్‌లలో 74 గెలవాలి. అక్టోబరు చివరి నుంచి ఏప్రిల్ మధ్య దాకా ఐదున్నర నెలలు, సగం మ్యాచ్‌లు పరాయి ఊళ్లలో. ఇన్నిట్లో ఎనిమిదికి మించి ఓడకూడదు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. రికార్డు బద్దలవచ్చు. కానీ దాన్ని బద్దలు కొట్టేది ఆ వేసవిలో స్టార్లను పోగేసుకున్న జట్టు కాదు. ఎందుకు కాదో లెక్కలతోనూ, జరిగిన సీజన్లతోనూ చూద్దాం.

ముందు లెక్క. ఒక జట్టుకు ప్రతి మ్యాచ్‌లోనూ గెలిచే అవకాశం నూటికి 80 అనుకోండి. అంటే చాలా గొప్ప జట్టే. సగటున దానికి 65, 66 గెలుపులు వస్తాయి. 74 దాకా వెళ్లే అవకాశం మాత్రం నూటికి ఒకటి. 85కి పెంచండి, సగటు 70కి చేరుతుంది, 74 వచ్చే అవకాశం ఎనిమిదింట ఒకటి అవుతుంది. 90కి చేరితేనే సగానికి కాస్త పైన ఉంటుంది. ఆ 90 అంటే ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. చలికాలంలో వరుసగా రెండో రాత్రి, వేరే ఊళ్లో, ప్లేఆఫ్స్‌కు (ఆ 82 అయ్యాక మేటి జట్లు టైటిల్ కోసం ఆడే పోటీలకు) వెళ్లే జట్టు మీద కూడా పదింట తొమ్మిదిసార్లు గెలవాలి. స్టార్లున్న జట్టుకూ, 74 గెలిచే జట్టుకూ మధ్య ఉన్న దూరం అదే.

జట్టు బలాన్ని కొలవడానికి గెలుపుల కన్నా నమ్మదగ్గది సగటు పాయింట్ల తేడా. మ్యాచ్‌కు ఎన్ని కొట్టారు, ఎన్ని ఇచ్చారు అన్నది. 1995-96లో మైకేల్ జోర్డాన్, స్కాటీ పిపెన్, డెనిస్ రాడ్‌మన్ ఉన్న షికాగో బుల్స్ 72-10తో ముగించింది, తేడా 12.2. రికార్డు పెట్టిన వారియర్స్ తేడా 10.8. ఆ తేడాకు మామూలుగా 65 గెలుపులు రావాలి. వచ్చినవి 73. మిగిలిన ఎనిమిదీ ఎక్కడివి? చివరి రెండు నిమిషాల్లో చేజారబోయి చేతికి దక్కినవి. 2016 ఫిబ్రవరి 27న ఓక్లహోమా సిటీలో ఓవర్‌టైమ్ ముగియడానికి 0.6 సెకన్లుండగా స్టీఫెన్ కరీ కొట్టిన త్రీ పాయింటర్ (దూరంగా గీసిన గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాటు) అలాంటిదే. స్కోరు 121-118. త్రీ లైనుకు చాలా దూరం నుంచి, మధ్య గీత దాటిన కొద్ది అడుగులకే కొట్టాడు. ఆ రాత్రి అతనికది పన్నెండో త్రీ. అది పడకపోతే ఇంకో ఓవర్‌టైమ్, ఏమైనా కావచ్చు. 2024-25లో ఓక్లహోమా సిటీ థండర్ 12.9 తేడాతో ఆడింది, లీగ్ చరిత్రలో అదే అత్యధికం. అయినా 68 గెలుపుల దగ్గర ఆగింది. కాబట్టి ఈ రికార్డుకు బలం ఒక్కటే చాలదు, దగ్గరి మ్యాచ్‌లలో అదృష్టం కూడా తోడవ్వాలి. స్టార్లను కొనవచ్చు, దాన్ని కొనలేం.

మన ప్రశ్నకు అసలైన పరీక్ష 2016-17లో జరిగింది. 73 గెలిచిన జట్టులోకి కెవిన్ డ్యురాంట్ వచ్చి చేరాడు. కరీ, డ్యురాంట్, క్లే థాంప్సన్, డ్రేమండ్ గ్రీన్, నలుగురూ ఆ ఏడాది ఆల్‌స్టార్లే, అంటే లీగ్ మేటి ఆటగాళ్ల మ్యాచ్‌కు ఎంపికైనవాళ్లే. ఇంతకన్నా మంచి సరుకు ఏ జట్టుకు దొరుకుతుంది? అయితే ఒక్కడిని తెచ్చుకోవడానికి ఎందరిని వదులుకున్నారో చూడాలి. సెంటర్ ఆండ్రూ బోగట్, హారిసన్ బార్న్స్, ఫెస్టస్ ఎజీలి, మరీస్ స్పైట్స్, లియాండ్రో బార్బోసా వెళ్లిపోయారు. బాస్కెట్ కింద గోడలా నిలబడే బోగట్ లేని లోటు మొదటి రాత్రే బయటపడింది. అక్టోబరు 25న సొంత కోర్టులో శాన్ ఆంటోనియో స్పర్స్ చేతిలో 129-100. స్పర్స్ తరఫున బెంచ్ మీద నుంచి వచ్చిన జోనథన్ సిమన్స్ 20 పాయింట్లు కొట్టాడు. తప్పిన షాట్ల రీబౌండ్లు స్పర్స్ మళ్లీ మళ్లీ అందుకుంటుంటే వారియర్స్ చూస్తూ ఉండిపోయింది.

తర్వాత జట్టు సర్దుకుంది. ఫిబ్రవరి 28న వాషింగ్టన్‌లో మ్యాచ్ మొదలైన రెండు నిమిషాల్లోపే, సొంత జట్టు సెంటర్ జాజా పచూలియా వచ్చి కాలి మీద పడడంతో డ్యురాంట్ మోకాలికి దెబ్బ తగిలింది. 19 మ్యాచ్‌లు ఆడలేకపోయాడు. రికార్డు అక్కడే పోయిందని చాలామంది అంటారు. అది తప్పు. ఆ మ్యాచ్‌కు ముందు జట్టు 50-9 మీద ఉంది. అప్పటికే తొమ్మిది ఓటములు. అక్కడి నుంచి ఒక్కటి కూడా ఓడకపోయినా 73ను సమం చేయగలదంతే, దాటలేదు. నలుగురు స్టార్లూ చేతిలో ఉండగానే, 59 మ్యాచ్‌లకే దారి మూసుకుపోయింది. అంతకు ముందు ఏడాది అదే 59 మ్యాచ్‌లకు జట్టు 54-5 మీద ఉండేది.

ఇక మార్చి 11 సంగతి. ముందు రాత్రి మినసోటాలో ఒక్క పాయింటు తేడాతో ఓడి, విమానమెక్కి శాన్ ఆంటోనియో చేరారు. డ్యురాంట్ ఎలాగూ లేడు. కోచ్ స్టీవ్ కెర్ ఆ రాత్రి కరీ, థాంప్సన్, గ్రీన్, ఆండ్రే ఇగ్వడాలాలకు కూడా విశ్రాంతి ఇచ్చాడు. 107-85తో ఓడారు. అది పొరపాటు కాదు, తెలిసి చెల్లించిన ఖరీదు. అంతకు ముందు ఏడాది 73 గెలిచి, ఫైనల్స్‌లో క్లీవ్‌లాండ్ మీద 3-1 ఆధిక్యం చేజార్చుకున్న జట్టు మరి. ఫైనల్స్ జరిగే జూన్‌లో ఎవరు నిలబడతారన్నదే లెక్కని వాళ్లకు ఒంటికి తగిలేలా తెలిసింది. చివరికి రెగ్యులర్ సీజన్‌లో 67-15, ప్లేఆఫ్స్‌లో 16-1, టైటిల్. పాయింట్ల తేడా 11.6, అంటే 73 గెలిచిన జట్టు కన్నా ఎక్కువ. నా దృష్టిలో అది మరింత బలమైన జట్టు. అయినా ఆరు గెలుపులు తక్కువ.

ఇప్పుడు కోర్టు లోపలికి వెళ్దాం. బంతి ఒక్కటే అని అందరూ అంటారు గానీ, దానికి ఒక కొలత ఉంది. జట్టు ఆడే ప్రతి దాడీ ఎవరో ఒకరి చేతిలో ముగుస్తుంది: షాటుతోనో, ఫ్రీ త్రోతోనో (ఫౌల్ జరిగితే అడ్డు లేకుండా వేసే షాటు), బంతి పోగొట్టుకోవడంతోనో. కోర్టు మీదున్న ఐదుగురి వాటాలు కలిపితే నూరు. తలా 20 అన్నమాట. పెద్ద స్టార్ తన పాత జట్టులో 30 దాకా వాడుకుని ఉంటాడు. ముగ్గురు స్టార్లు తలా 30 అడిగితే 90 అయిపోతుంది, మిగతా ఇద్దరికీ కలిపి పది. అలా ఏ జట్టూ ఆడలేదు. కాబట్టి ముగ్గురూ తగ్గించుకోవాలి, తగ్గిన చోట ఇంకేదైనా చేయాలి: స్క్రీన్ పెట్టడం (తోటి ఆటగాడి వెంటపడే డిఫెండర్‌కు అడ్డు నిలవడం), మూలన నిలబడి డిఫెండర్‌ను కదలనివ్వకపోవడం, వెనక్కి పరిగెత్తడం. బంతి చేతిలో లేనప్పుడు పనికిరాని స్టార్ ఎంత గొప్పవాడైనా మూడోవాడిగా సరిపోడు.

2010-11 మయామి హీట్‌లో ఇబ్బంది ఇదే. లెబ్రాన్ జేమ్స్, డ్వేన్ వేడ్ ఇద్దరూ బంతితో లోపలికి దూసుకెళ్లేవాళ్లే. క్రిస్ బాష్ తోడున్నా మొదటి 17 మ్యాచ్‌లలో 9-8, సీజన్ మొత్తం మీద 58 గెలుపులు. అదే త్రయం మూడో ఏడాది 66 గెలిచింది, అందులో వరుసగా 27. అప్పటికి బాష్ సెంటర్ స్థానానికి మారాడు, షేన్ బాటియర్, రే ఆలెన్ లాంటి షూటర్లు చుట్టూ చేరారు, లోపల దారి తెరుచుకుంది. మూడేళ్లు పట్టింది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి, లేకపోతే వాదన ఒంటి చేతి చప్పట్లవుతుంది. 2007-08 బోస్టన్ సెల్టిక్స్ మొదటి ఏడాదే 24 గెలుపుల నుంచి 66కి ఎగబాకింది. కెవిన్ గార్నెట్ డిఫెన్స్ మోశాడు, పాల్ పియర్స్ బంతి మోశాడు, రే ఆలెన్ స్క్రీన్ల చుట్టూ పరిగెత్తి షాట్లు వేశాడు. ముగ్గురి పనులు ఎక్కడా ఢీకొట్టలేదు. ముగ్గురూ ముప్పై దాటినవాళ్లు, టైటిల్ లేనివాళ్లు, వాటాల కోసం పోట్లాడే దశ దాటేశారు. ఇంతలా అతికిన ముగ్గురితోనూ 66 దగ్గరే ఆగింది. 74కు ఇంకా ఎనిమిది దూరం.

నిమిషాల లెక్క కూడా వేయండి. ఐదుగురికి 48 నిమిషాల చొప్పున మ్యాచ్‌కు 240. ముగ్గురు స్టార్లు తలా 34 ఆడితే 102. మిగతా 138 నిమిషాలు, అంటే సగం కన్నా ఎక్కువ, స్టార్లు కాని వాళ్లవే. పేర్లు ముఖపత్రం మీద ముగ్గురివే ఉంటాయి, గెలుపులు మాత్రం ఆరో ఆటగాడి నుంచి పదో ఆటగాడి దాకా ఉన్నవాళ్ల చేతుల్లో ఉంటాయి. వయసు మళ్లిన స్టార్లయితే ఈ లెక్క ఇంకా చెడుతుంది. 2003-04లో షకీల్ ఓనీల్, కోబీ బ్రయంట్‌లకు కార్ల్ మలోన్, గ్యారీ పేటన్ తోడైన లేకర్స్ 18-3తో మొదలుపెట్టి 56 దగ్గర ఆగింది, మలోన్ ఆడింది 42 మ్యాచ్‌లే. 2012-13లో కోబీ, స్టీవ్ నాష్, డ్వైట్ హోవర్డ్, పావ్ గసోల్ ఉన్న లేకర్స్‌కు 45 గెలుపులు. నాష్ రెండో మ్యాచ్‌లోనే కాలు విరగ్గొట్టుకున్నాడు, ఐదు మ్యాచ్‌లకే కోచ్‌ను మార్చారు. మరి 73 గెలిచిన ఏడాది? కరీ 79, థాంప్సన్ 80, గ్రీన్ 81 మ్యాచ్‌లు ఆడారు. బుల్స్ ఏడాది జోర్డాన్ మొత్తం 82 ఆడాడు. ఇది లేకుండా ఏ రికార్డూ లేదు.

ఇప్పటి నిబంధనలు దీన్ని ఇంకా కష్టం చేశాయి. 2023-24 నుంచి ఒకే మ్యాచ్‌లో ఒకరికి మించి ఆరోగ్యంగా ఉన్న స్టార్లను కూర్చోబెట్టకూడదు. అంటే 2017లో శాన్ ఆంటోనియోలో చేసినట్టు అందరికీ ఒకే రాత్రి విశ్రాంతి ఇచ్చి, ఒక్క ఓటమితో సరిపెట్టుకునే వీలు లేదు. నలుగురు స్టార్లకు సీజన్‌లో తలా ఆరు రాత్రులు విశ్రాంతి కావాలంటే, 24 మ్యాచ్‌లలో ఎవరో ఒకరు ఉండరు. ఇవి గాయాలు కాక.

డబ్బు సంగతి ఇంకా ముఖ్యం. 2016లో శాలరీ క్యాప్, అంటే జట్టు జీతాల మీద లీగ్ పెట్టే పరిమితి, ఒక్కసారిగా 7 కోట్ల డాలర్ల నుంచి 9.4 కోట్లకు లేచింది. పైగా కరీ 2012లో నాలుగేళ్లకు 4.4 కోట్లకు సంతకం చేసిన చవక ఒప్పందంలోనే ఉన్నాడు. ఆ రెండూ కలిస్తేనే డ్యురాంట్‌కు చోటు దొరికింది. అలాంటి ఏడాది మళ్లీ రాదు, పెంపును ఏడాదికి పది శాతానికి మించకుండా కట్టేశారు. ఇప్పుడు జట్టు మొత్తం జీతాల మీద రెండో ఏప్రన్ అనే గీత ఒకటుంది, 2024-25లో అది దాదాపు 18.9 కోట్ల డాలర్లు. దాన్ని దాటిన జట్టు ట్రేడ్‌లో (జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడిలో) ఇద్దరి జీతాలు కలిపి ఒకరిని తెచ్చుకోలేదు, మినహాయింపుల కింద బెంచ్‌కు మంచి ఆటగాడిని కొనలేదు, ఏడేళ్ల తర్వాతి మొదటి రౌండ్ డ్రాఫ్ట్ హక్కును (కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే హక్కు) ట్రేడ్ చేయలేదు. ముగ్గురికి గరిష్ఠ జీతాలిచ్చిన జట్టుకు ఆ 138 నిమిషాలు నింపడానికి కనీస వేతనం వాళ్లే మిగులుతారు. 73 గెలిచిన జట్టు మూలస్తంభాలు డ్రాఫ్ట్‌లో ఎంచుకుని పెంచినవే: కరీ ఏడో ఎంపిక, థాంప్సన్ పదకొండు, గ్రీన్ ముప్పై ఐదు. థండర్ 68 గెలిచినప్పుడు జేలెన్ విలియమ్స్, చెట్ హోమ్‌గ్రెన్ ఇంకా చవకైన మొదటి ఒప్పందాల్లోనే ఉన్నారు.

ఇంకో సంగతి తక్కువమంది గమనిస్తారు. 2024-25లో ఒక్కో జట్టు మ్యాచ్‌కు దాదాపు 37 త్రీలు వేసింది, బుల్స్ కాలంలో 16. నూటికి 36 పడే జట్టు 37 వేస్తే, కేవలం రాత్రి మంచిచెడ్డల వల్లే మూడు అటో ఇటో అవుతుంది. అంటే తొమ్మిది పాయింట్లు. 16 వేస్తే ఆ ఊగిసలాట ఆరు పాయింట్లే. బలహీన జట్టుకు ఒక్క రాత్రి కలిసొస్తే చాలు. ఆ కాలంలోనే అలా జరిగింది: 72 గెలిచిన బుల్స్ 1996 మార్చి 24న, సీజన్ మొత్తం మీద 21 మాత్రమే గెలిచిన కొత్త జట్టు టొరంటో రాప్టర్స్ చేతిలో 109-108తో ఓడింది.

ఇన్ని అడ్డంకులున్నా 2016 ఏప్రిల్‌లో వారియర్స్‌కు ఆ 73 ఎలా సాధ్యమైంది? ఏప్రిల్ 1న బోస్టన్ చేతిలో ఓటమి. సొంత కోర్టులో వరుసగా 54 రెగ్యులర్ సీజన్ మ్యాచ్‌ల గెలుపు పరంపర అక్కడ తెగింది. నాలుగు రోజులకే మినసోటా చేతిలో, అదీ సొంత కోర్టులోనే, ఓవర్‌టైమ్‌లో ఓటమి. లెక్క 69-9. మిగిలిన నాలుగూ గెలిస్తేనే. శాన్ ఆంటోనియో మీద ఇంట్లో గెలిచారు. తొమ్మిదో తేదీన మెంఫిస్‌లో వెనకబడి, చివరి నిమిషాల్లో గ్రీన్ బంతిని చేత్తో తోసి 100-99తో బయటపడ్డారు. ఆ ఏడాది మెంఫిస్ గాయాలతో 28 మంది ఆటగాళ్లను వాడాల్సి వచ్చిన జట్టు, అయినా అంత దగ్గరికొచ్చింది. మర్నాడే శాన్ ఆంటోనియోలో ఆట. స్పర్స్ ఆ సీజన్‌లో సొంత కోర్టులో 39 ఆడి 39 గెలిచింది, వారియర్స్ అక్కడ రెగ్యులర్ సీజన్‌లో గెలిచి 19 ఏళ్లయింది. 92-86తో వారియర్స్ గెలిచింది. పదమూడున మెంఫిస్ మీద 125-104, కరీకి 46 పాయింట్లు, సీజన్‌లో 402 త్రీలు. ఆ రెండు వారాల్లో విశ్రాంతి తీసుకోవచ్చు, ఎవరూ తప్పు పట్టేవారు కాదు. వాళ్లు ఆడాలనే కోరుకున్నారు. ఏళ్లుగా కలిసి ఆడిన జట్టు కోరుకోగలిగిన కోరిక అది. జూన్ కోసమే కలిసిన స్టార్లు సాధారణంగా కోరుకోరు, కోరుకోవాలని కూడా నేననను.

అందుకే వచ్చే వేసవిలో ఎవరైనా నలుగురు స్టార్లను కూడగడితే, పేర్ల జాబితా పక్కన పెట్టి నాలుగు చూడండి. ఆ నలుగురిలో బంతి లేకుండా ఆడగలిగిన వాళ్లెందరు? ఎనిమిదో, తొమ్మిదో ఆటగాళ్లు గత ఏడాది ఎక్కడ, ఎన్ని నిమిషాలు ఆడారు? ఎవరికైనా 32 ఏళ్లు దాటాయా? మొదటి 25 మ్యాచ్‌లలో ఎన్ని ఓటములు? వారియర్స్ ఆ ఏడాది 24-0తో మొదలుపెట్టింది. మొదటి ఓటమి డిసెంబరు 12న మిల్వాకీలో, ముందు రాత్రి బోస్టన్‌లో రెండు ఓవర్‌టైమ్‌లు ఆడి వచ్చాక. డిసెంబరు మధ్యకే నాలుగు ఓడిన జట్టుకు మిగిలేవి ఇంకో నాలుగే, ఆడాల్సినవి యాభైకి పైనే.