కొత్త ఇంటికి ఏసీ కొనే ముందు ఒకసారి మేడ మీదికి వెళ్లి చూడండి

నమస్కారం. నెల్లూరు జిల్లా కావలిలో కొత్తగా మేడ కట్టుకుంటున్న ఒక వీక్షకుడు రెండు ప్రశ్నలు పంపారు. చలికాలంలో గదిని వెచ్చగా కూడా ఉంచే హాట్ అండ్ కోల్డ్ ఏసీలు పెట్టించమని విదేశంలో ఉన్న వారి అబ్బాయి చెబుతున్నాడట, అవి మనకు అవసరమా అన్నది మొదటిది. పై అంతస్తు పడకగదికి ఎన్ని టన్నుల ఏసీ సరిపోతుందన్నది రెండవది.

మొదటిదానికి జవాబు చిన్నది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరంలో సంక్రాంతి రోజుల్లో సైతం తెల్లవారుజామున ఉష్ణోగ్రత సాధారణంగా 20 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది కాబట్టి, గదిని వేడి చేయడానికి అదనంగా పెట్టే ప్రతి రూపాయీ దండగే. కప్పుకోవడానికి ఒక దుప్పటి, స్నానానికి ఒక గీజరు ఉంటే మన చలికాలం గడిచిపోతుంది.

రెండవదానికి జవాబు చెప్పాలంటే ముందు శ్లాబు గురించి మాట్లాడుకోవాలి. నెల్లూరు దాదాపు 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందున ఏప్రిల్ చివరి రోజుల్లో మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, ఆ తరువాత ఆగస్టు మధ్య వరకూ మనకు కొంచెం ఉత్తరంగానే ఉంటాడు. అంటే రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఇంటి మీద పడే ఎండలో సింహభాగం శ్లాబు మీదే పడుతుంది. అయిదంగుళాల కాంక్రీటు ఆ వేడినంతా పగలు తాగి, సాయంత్రం నుంచి నిదానంగా గదిలోకి వదులుతుంది. రాత్రి భోజనాలయ్యాక పడకగదిలో నిచ్చెన ఎక్కి పైకప్పుకు అరచెయ్యి ఆనించి చూడండి, బయట గాలి చల్లబడినా కప్పు ఇంకా వేడిగానే ఉంటుంది. ఆ గదిలో ఫ్యాను వేస్తే కప్పు కింద చేరిన వేడి గాలే మన మీదికి దిగుతుంది. ఏసీ వేస్తే, అది సగం రాత్రి శ్లాబుతోనే పోరాడుతుంది. 10 అడుగులకు 12 అడుగుల గదికి కింది అంతస్తులో ఒక టన్ను చక్కగా సరిపోతుండగా, అదే కొలతల పై గదికి దుకాణదారు ఒకటిన్నర టన్ను చెప్పడానికి కారణం ఇదే.

అందువల్ల మేడ మీద తెల్లని కూలింగ్ టైల్స్ పరిపించడమో, ఎండను తిప్పికొట్టే తెల్లని పూత వేయించడమో ముందు జరగాలి. స్తోమత లేకపోతే ఏటా ఎండాకాలానికి ముందు సున్నం కొట్టినా ఫలితం తెలుస్తుంది, అయితే ఈశాన్య రుతుపవనాల వానలకు అది కొట్టుకుపోతుంది. దుమ్ము పేరుకుంటే ఏ తెలుపైనా పని తగ్గిస్తుంది కనుక కడుగుతూ ఉండాలి. సౌర ఫలకాలు పెట్టించే ఉద్దేశం ఉన్నవారు వాటిని పడకగది పైన వచ్చేలా అమర్చుకుంటే కరెంటుతో పాటు శ్లాబుకు నీడ కూడా దొరుకుతుంది.

తరువాత పడమటి గోడ. వాస్తు ప్రకారం యజమాని పడకగది నైరుతిలో రావాలంటారు, మధ్యాహ్నం నుంచి పొద్దుగుంకేదాకా ఎండ కాసే మూల కూడా అదే. వాస్తుతో తగువు పెట్టుకోమని నేను చెప్పను, పైగా ఇక్కడ వాస్తు మనకు సాయపడుతుంది కూడా. బరువైన బీరువాలు నైరుతిలో ఉండాలన్న మాటను పట్టుకుని పడమటి గోడ పొడవునా అల్మారాలు కట్టిస్తే, ఆ గోడ వేడి నేరుగా మంచం దాకా రాదు. కిటికీ మీద సజ్జ నడినెత్తి ఎండను ఆపుతుందే గాని వాలుగా వచ్చే సాయంత్రపు ఎండను ఆపలేదు, దానికి పక్కన నిలువు పలకలో, బయట వేపచెట్టో కావాలి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు ప్రకాశం జిల్లా గొప్పే అయినా, ఆ నల్లరాయిని పడమటి ఎలివేషన్‌కు అతికించడం మాత్రం నాకు నచ్చని పని, ఎందుకంటే నలుపు ఎండను మింగుతుంది.

కిటికీల దగ్గర చాలామంది మోసపోతున్నారు. కరెంటు పొదుపు వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018లో ఇళ్ల నిర్మాణానికి తెచ్చిన నియమావళి, ఎకో నివాస్ సంహిత, ఉక్కపోత ప్రాంతాల ఇళ్లలో బయటికి తెరుచుకునే కిటికీలు, తలుపుల వైశాల్యం నేల వైశాల్యంలో కనీసం 16.66 శాతం, అంటే ఆరో వంతు ఉండాలంటుంది. ఆ లెక్కన 120 చదరపు అడుగుల గదికి 20 చదరపు అడుగులు కావాలి. నాలుగడుగుల చదరపు స్లైడింగ్ కిటికీలో ఒక అద్దం మరొకదాని వెనక్కి జరుగుతుంది కాబట్టి తెరుచుకునేది ఎనిమిది చదరపు అడుగులే. రెక్కల కిటికీ అయితే దాదాపు మొత్తం తెరుచుకుంటుంది. మధ్యాహ్నం తరువాత తూర్పు నుంచి సముద్రపు గాలి తగిలే కావలి, అల్లూరు, కొత్తపట్నం వంటి చోట్ల తూర్పున ఒకటి, ఎదురుగా మరొకటి పెట్టించుకోవడం మంచిది. పడమటి గాలి బలంగా వీచే రోజున సముద్రపు గాలి ఆలస్యమవుతుంది. అలాంటి మధ్యాహ్నం కిటికీలు మూసి ఉంచడమే మేలు.

ఇక యంత్రాలు. మార్కాపురం, కనిగిరి వైపు పొడి వేడిలో నీళ్ల కూలర్ చక్కగా పనిచేస్తుంది, కావలిలో గాలికే చెమ్మ ఉన్నప్పుడు అదే కూలర్ ఉక్కను పెంచుతుంది. కాబట్టి మార్కాపురంలోని బావగారు కూలర్‌తో హాయిగా ఉన్నారని మీరు కొనకండి. 75 వాట్ల పాత రకం ఫ్యాను బదులు 30 వాట్లకు అటూఇటూగా తీసుకునే బీఎల్‌డీసీ ఫ్యాను పెట్టి, ఏసీని 26 డిగ్రీల దగ్గర ఉంచితే చాలినంత చల్లదనం వస్తుంది, ఒక్కో డిగ్రీ పెంచినప్పుడు ఆరు శాతం దాకా కరెంటు ఆదా అవుతుందని బ్యూరో అంచనా.

కావలి మిత్రులకు నా జవాబు ఇది: తెల్ల టైల్స్, అల్మారాలు ముందు పూర్తి చేయండి, ఒక ఎండాకాలం ఫ్యానుతో గడిపి చూసి ఆ తరువాత ఇన్వర్టర్ ఏసీ ఒక టన్నా, ఒకటిన్నరా అన్నది తేల్చండి. ఏసీ కొనడం ఆలస్యమైనా నష్టం లేదు గాని, దాని రాగి గొట్టానికి దారి, నీళ్లు కారే పైపు మాత్రం ప్లాస్టరింగుకు ముందే గోడలో వేయించాలి. ఆ పైపు బయటికి వాలుగా ఉందో లేదో చెంబుడు నీళ్లు పోసి మేస్త్రి ఎదుటే చూసుకోండి.