గోమారి మనదే, మనుబోతూ మనదే

అందరికీ నమస్కారం. తాడ్వాయి, ఏటూరునాగారం వైపు నుంచి ఇంత దూరం హనుమకొండకు వచ్చిన రైతులకు, పశుమిత్రలకు, మామునూరు వెటర్నరీ విద్యార్థులకు మరీ మరీ నమస్కారం.

అడవి అంచు ఊళ్లలో ఒక మాట తరచూ వినిపిస్తుంది. "దుప్పులు, మనుబోతులు రాత్రిపూట చేన్లల్లకు దిగుతున్నయి, వాటి గోమార్లే మా పశువులకు పడుతున్నయి సార్" అని. గోమారి అంటే పశువు ఒంటిని పట్టుకుని రక్తం తాగే పిడుదు. ఆ మాటలో నిజమెంతో తేల్చాలంటే అమెరికాలోని టెక్సాస్ సంగతి తెలియాలి. అక్కడ పరాయి పురుగని పేరుపడ్డ గోమారికి పుట్టిల్లు మన దక్షిణాసియా వైపే. దానికి అక్కడ ఆశ్రయమిస్తున్న జంతువుల్లో ఒకటి మన కవ్వాల్ అడవుల్లో తిరిగే మనుబోతే, అదే నీల్‌గాయి.

ఆ గోమారి శాస్త్రీయ నామం రైపిసెఫాలస్ మైక్రోప్లస్. పశువుల వెంట ఓడలెక్కి ఆస్ట్రేలియాకు, ఆఫ్రికాకు, అమెరికా ఖండాలకు పాకింది. ఇది అంటించే బెబీసియా క్రిమి ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. జ్వరం, ఎర్ర మూత్రం, ఆలస్యమైతే చావు. ఈ జబ్బు గోమార్ల ద్వారానే వస్తుందని థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ 1893లో రుజువు చేశారు. రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది దానికి నాలుగేళ్ల తర్వాత.

1906లో అమెరికా దీన్ని పూర్తిగా తుడిచిపెట్టాలని పూనుకుంది. పుట్టిన పిల్ల ఒక పశువును పట్టుకుంటే, పెద్దదయ్యేదాకా సుమారు మూడు వారాలు ఆ ఒంటి మీదే ఉంటుంది. ఆడది రక్తం తాగి ఉబ్బి రాలిపోయి, నేల మీద రెండు మూడు వేల గుడ్లు పెట్టి చస్తుంది. పిల్లలు గడ్డి కొసలకెక్కి ఎదురుచూస్తాయి. పశువు రాకపోతే నెలల తరబడి పస్తుండి చావాల్సిందే. అందుకే పశువులను మందు తొట్టిలో ముంచారు, బీళ్లను నెలల పాటు ఖాళీగా ఉంచారు. 1943 కల్లా మెక్సికో సరిహద్దు వెంట ఒక పట్టీ తప్ప దేశమంతా శుభ్రపడింది.

వేట వల్ల అప్పట్లో అక్కడి తెల్లతోక జింకలు బాగా తగ్గిపోయి ఉన్నాయి. తర్వాత అవి మళ్లీ పెరిగాయి. మనుబోతులనైతే కింగ్ రాంచ్ అనే పెద్ద పశుక్షేత్రం వాళ్లు 1920ల నుంచి 1940ల మధ్య తెచ్చి వదిలారు. దాంతో ఆ సరిహద్దు వైపు పశువులను తోలేసి బీడు ఖాళీ చేసినా, ఈ రెండూ వచ్చి గోమారికి రక్తం ఇస్తున్నాయి. జింకకు మందు కలిపిన మక్కలు పెట్టొచ్చు. మనుబోతు ఆ మక్కల జోలికి రాదు. పైగా చాలా దూరం తిరుగుతుంది, కంచె కింద నుంచి దూరిపోతుంది. అందుకని అది దూరే చోటే యంత్రాలు అమర్చి, గోమార్లను చంపే సన్నని నులిపురుగులను దాని ఒంటి మీద చల్లే ప్రయోగాలు చేశారు. ఆ ఓపికకు దండం పెట్టాలి.

అదే దేశంలో ఇంకో కథ. తూర్పు ఆసియా నుంచి వచ్చిన పొడవు కొమ్ముల గోమారిని 2017లో న్యూజెర్సీలో ఒక గొర్రె మీద చూసి ఉలిక్కిపడ్డారు. పాత నమూనాలు తిరగేస్తే, 2010లోనే వెస్ట్ వర్జీనియాలో ఒక జింక మీద దొరికినట్టు తేలింది. మగది లేకుండానే పిల్లలను పెట్టే జాతి అది. జింకలు, రాకూన్లు అనే అక్కడి అడవి జంతువులు, నక్కల మీద బతుకుతుంది. ఎలుకలంటే మాత్రం పెద్దగా గిట్టదు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. మైక్రోప్లస్ ఆవు మీద పెరిగినంతగా మనుబోతు మీద పెరగదని ప్రయోగాల్లో తేలింది. దానికి అసలు ఇల్లు పశువే. కాబట్టి మన దగ్గర అడవిలో గడ్డికి గోమార్లను పంచుతున్నది ఎక్కువగా మన మందలేనని నా గట్టి నమ్మకం. దుప్పికి ఉచ్చు పెడితే మీ కొట్టంలో ఒక్క గోమారి కూడా తగ్గదు. దయచేసి ఆ పని చేయకండి.

అంగట్లో కొన్న పశువును నేరుగా మందలో కలపకండి. వేరుగా కట్టేసి చెవుల లోపల, గంగడోలు, పొదుగు, తోక కింద వేళ్లతో తడిమి చూడండి. కనీసం మూడు వారాలు గమనించండి. జెర్సీ, హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవులుంటే మరీ జాగ్రత్త, మన నాటు పశువుకున్న తట్టుకునే శక్తి వాటికి లేదు. కొట్టం గోడల పగుళ్లు పూడ్చండి, రాలిన ఆడవి అక్కడ కూడా గుడ్లు పెడతాయి. మందు డాక్టర్ చెప్పిన మోతాదులోనే కొట్టండి. పలచగా కొడితే బతికిపోయినవి మందుకు లొంగని సంతానాన్ని పెడతాయి, తర్వాత ఆ మందు ఎంత కొట్టినా దండగే.

ఇక మీరు అడగండి.