ఎత్తు మీద జానెడు

శ్రోతలకు నమస్కారం.

డ్రైవింగ్ టెస్టులో ఫెయిలైన మనిషిని ఎప్పుడైనా కదిలించి చూశారా? తప్పు నాదే అన్నవాళ్లు నాకింతవరకు తగల్లేదు. టెస్టు పెట్టే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ మంచోడు కాదంటారు, ట్రాక్ ఇరుకంటారు, అడిగి తెచ్చుకున్న కారుకు క్లచ్ గట్టిదంటారు. రెండుసార్లు ఫెయిలైనదాన్ని కాబట్టి ఇవన్నీ నేనూ అన్నాను. వాటిలో కొన్ని నిజాలు కూడా.

పరకాల దగ్గర ఒక ఊళ్లో నేను లెక్కల టీచర్ని, ఉండేది హనుమకొండలో. పదిహేనేళ్లు స్కూటీ మీదనే తిరిగాను. మా మామయ్యను మాటిమాటికీ ఆసుపత్రికి తీసుకుపోవాల్సి వచ్చి, ఆటో కుదుపులకు ఆయన నడుము పట్టుకోవడం చూడలేక, సెకండ్ హ్యాండ్ కారు కొన్నాం. తెల్లవారకముందే హంటర్ రోడ్డు మీద మా తమ్ముడు నేర్పించాడు.

మొదటిసారి హెచ్ అక్షరంలా ఉండే ట్రాకులో రివర్స్ వస్తూ కడ్డీని పడగొట్టాను. చప్పుడు నాకే వినిపించింది. దానికి ఎవర్నేమంటాం?

రెండోసారిదే అసలు బాధ. ఎనిమిది అంకె ట్రాకు, హెచ్ ట్రాకు రెండూ బాగానే వచ్చాయి. ఎత్తు మీద ఆపి, మళ్లీ ఎక్కించి దింపాను. ఇంజిన్ బంద్ కాలేదు. పాసయ్యాననే అనుకున్నాను. ఇన్‌స్పెక్టర్ కాగితం మీద ఏదో గీసి, "అయిపోయిందమ్మా, మళ్లీ రండి" అన్నాడు. "ఏం తప్పు సార్?" అంటే అప్పటికే వెనుక కారును రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. నాకంటే ముందు ఒక అబ్బాయి, పక్కన ఏజెంటును పెట్టుకుని వచ్చినవాడు, ట్రాక్ మీద తిప్పుతున్నంతసేపూ ఈ సారు ఫోన్ చూస్తూనే ఉన్నాడు. ఆ అబ్బాయి పాస్.

బయట చాయ్ బండి దగ్గర నాలాంటి వాళ్లు చాలామందే ఉన్నారు. "పొద్దున పూట మంచిగనే ఉంటడక్కా, పదకొండు దాటిందంటే ఫెయిలే" అని ఒకరు. "ఆడోళ్లను మొదటిసారి పాస్ చెయ్యడు" అని ఇంకొకరు. పాసైన ఆడవాళ్లు ఇద్దరు ఆ పక్కనే చాయ్ తాగుతున్నారు, అయినా ఆ మాటను ఎవరూ కాదనలేదు.

ఇంటికొచ్చాక కోపం ఆగలేదు. ఆయన్ను ఎక్కడన్నా పట్టుకోవచ్చేమోనని నిబంధనలు చదవడం మొదలుపెట్టాను. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఫెయిలైతే 7 రోజులాగి మళ్లీ పోవచ్చు. మూడుసార్లూ ఫెయిలైతే మాత్రం 60 రోజులు ఆగాల్సిందే. ఎల్ఎల్ఆర్, అంటే నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సు, చెల్లేది 6 నెలలు, అందులో మొదటి నెల టెస్టుకే రానివ్వరు. లెక్కల టీచర్ని కదా, వేళ్ల మీద కూడుకుంటే గుండె జారింది. తర్వాత 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 15వది చదివాను. టెస్టులో ఏమేం చూడాలో వరుసగా రాసి ఉంది అందులో. బండి కదిలించే ముందు అద్దం సరిచేసుకున్నారా లేదా అన్నది కూడా ఉంది. ఎత్తు మీద ఆపి తిరిగి కదిలించేటప్పుడు బండి వెనక్కి జారకూడదు అన్న మాట దగ్గర ఆగిపోయాను.

నేను జారలేదుగా? తమ్ముణ్ణి అడిగితే ఏమీ చెప్పలేదు. సాయంత్రం మా స్కూలున్న ఊరి చెరువు కట్టకు తీసుకుపోయాడు. కాకతీయుల నాటి నుంచీ చెరువుల జిల్లా మాది, ఎత్తుకు కొదవేం లేదు. కట్ట ఎక్కే దారిలో కారు ఆపించి, వెనుక చక్రానికి జానెడు దూరంలో ఖాళీ నీళ్ల బాటిల్ పెట్టాడు. "ఇప్పుడు ఎక్కించు అక్కా."

ఎక్కించాను. వెనుక పటుక్కున చప్పుడు.

సీట్లో కూర్చున్న నాకు కారు కదిలినట్టే లేదు. ఆ సాయంత్రం మూడు బాటిళ్లు నలిగాయి. హ్యాండ్ బ్రేక్ లాగి ఉంచి, గేరు వేసి, క్లచ్ మెల్లగా వదులుతుంటే ఒకచోట ఇంజిన్ చప్పుడు బరువెక్కుతుంది, కారు ముక్కు ఇంత పైకి లేస్తుంది. అప్పుడు దించాలి హ్యాండ్ బ్రేక్. నేను అంతకంటే ముందే దించేస్తున్నాను. నాలుగో బాటిల్ మాత్రం బతికింది.

అంటే నన్ను ఫెయిల్ చెయ్యడం న్యాయమే. ఆ అబ్బాయిని పాస్ చెయ్యడం న్యాయమని మాత్రం ఇప్పటికీ అనను. ఇంకో మాట కూడా వదలను. "వెనక్కి జారింది" అన్న రెండు ముక్కలు చెప్పడానికి ఆయనకు ఎంతసేపు పట్టేది? ఏడో తరగతి పిల్లవాడి లెక్క తప్పితే నేను సున్నా వేసి ఊరుకోను, ఏ మెట్టు దగ్గర తప్పాడో ఎర్ర సిరాతో గీత గీస్తాను. లేకపోతే వాడు ఇంటికి పోయి టీచర్ మంచిది కాదని చెప్పుకుంటాడు. చెప్పుకోడా మరి?

మూడోసారీ ఆయనే ఉన్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. ఎత్తు మీద ఆపి, కారు ముక్కు లేచేదాకా ఆగి, ఎక్కించాను. పాస్ అన్నాడు. దిగి వెళ్లి అడిగాను, "సార్, పోయినసారి నన్నెందుకు ఫెయిల్ చేశారు?"

ఆయన మొదటిసారి తలెత్తి నా మొహం చూశాడు. చొక్కా వీపంతా చెమటకు అతుక్కుపోయి ఉంది.

"ఎవరిది ఎక్కడ పోయిందో నాకేం గుర్తుంటదమ్మా, ఇంతమందిల" అన్నాడు, వెనుక కారును రమ్మని చెయ్యి ఊపుతూ.