ఉదయ సముద్రం: కట్ట మీద నిలబడి నాలుగు మాటలు

అందరికీ నమస్కారం. పొద్దు వాలితే క్లాక్ టవర్ వైపు నుంచి, రామగిరి నుంచి బండ్లేసుకొని మన నల్లగొండ పక్కనున్న ఈ పానగల్ ఉదయ సముద్రం కట్ట మీదికి వస్తాం. గాలి బాగుంటుంది, ఫొటోలు బాగా వస్తాయి, ఓ మక్క కంకి తిని ఇంటికి పోతాం. తప్పేం లేదు. కాకపోతే దీన్ని మనం పార్కులాగే చూస్తున్నాం. ఇది చెరువు. ఇప్పటికీ పనిచేస్తున్న చెరువు. ఈ పూట నేను చెప్పొచ్చింది ఆ ఒక్క ముక్కే.

దీన్ని కట్టించింది కందూరు చోడులు. కందూరు మన పాలమూరు జిల్లా అడ్డాకుల దగ్గరి ఊరు. కల్యాణి చాళుక్యులకు సామంతులుగా ఉంటూ వాళ్లు ఈ పానగల్లు నుంచి కూడా ఏలారు. ఉదయ చోడుడి పేరే చెరువుకు నిలిచింది. వాళ్ల పని తీరు చూడండి: పైన చెరువు, కింద పొలాలు, ఆ పొలాల నడుమ గుళ్లు. ఈ మూడూ ఒకదాన్ని పట్టుకొని ఒకటి బతికినవే. మనం గుడికి ఒకరోజు, చెరువుకు ఒకరోజు వచ్చి వాటిని విడగొట్టేశాం.

ఛాయా సోమేశ్వరాలయం చూడనివాళ్లు ఇక్కడ ఉండరనుకుంటా. మూడు గర్భగుడులు, నడుమ ఒకే మండపం. పడమటి గర్భగుడిలో లింగం వెనక గోడ మీద నిలువుగా ఒక స్తంభం నీడ. పొద్దున పోయినా, సాయంత్రం పోయినా ఆ నీడ అక్కడే ఉంటుంది. ఎండ జరుగుతుంది గానీ అది జరగదు. కారణం, అది నేరుగా ఎండ పడి ఏర్పడిన నీడ కాదు. మండపం పక్కల నుంచి చెదిరి లోపలికి వచ్చే వెలుగును అడ్డంగా ఉన్న స్తంభాలు ఆపడం వల్ల పడుతుంది. సూర్యుడు ఎటున్నా వెలుగు వచ్చే దారి మారదు, కాబట్టి నీడా కదలదు. మాయ అనుకొని దండం పెట్టుకున్నా, లెక్క అనుకొని దండం పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు. నన్నడిగితే రెండో దండమే పెద్దది.

పచ్చల సోమేశ్వరాలయం ఊళ్లోనే ఉంది. గోడల నిండా శిల్పాలు, ఆవరణలోనే మ్యూజియం. పెళ్లికి వచ్చిన చుట్టాలను సాగర్ దాకా తీసుకుపోతాం గానీ దీని గడప తొక్కించం!

ఇక నీళ్ల సంగతి. నల్లగొండ అంటే ఒకప్పుడు దేశమంతా గుర్తొచ్చింది ఫ్లోరైడే. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' వాళ్లు 'నల్గొండ టెక్నిక్' అనే పేరు పెట్టారు. ఎముకలు వంగిపోయిన మనుషుల వల్ల వచ్చిన పేరు అది, గొప్పగా చెప్పుకునేది కాదు. తర్వాత నాగార్జునసాగర్ నీళ్లను పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, ఏఎమ్మార్పీ (అలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువల మీదుగా ఈ చెరువుకు తెచ్చారు. ఇప్పుడిది 1.5 టీఎంసీల బ్యాలెన్సింగ్ రిజర్వాయర్, అంటే వచ్చిన నీళ్లను నిలవబెట్టి అవసరాన్ని బట్టి వదిలే చెరువు. ఇక్కడి నుంచే బ్రాహ్మణ వెల్లెంల ఎత్తిపోతలు నీళ్లు తీసుకుంటాయి. ఆ పథకాన్ని 2024 డిసెంబర్‌లో ప్రారంభించారు. లక్ష ఎకరాలకు నీళ్లివ్వాలన్నది దాని లక్ష్యం. చోడరాజు గీసిన గీతలోకే కృష్ణమ్మ వచ్చి చేరిందన్నమాట.

అందుకే బ్యూటిఫికేషన్ అనే మాట వింటే నాకు కొంచెం టెన్షన్. రెయిలింగు, రంగు లైట్లు, ఐ లవ్ అని పెద్దక్షరాలు... పెట్టుకోండి, పిల్లలు సంతోషపడతారు. కానీ కట్ట అంటే చెరువు మొత్తం కాదు. నీళ్లు వదిలే తూము ఉంది, ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే అలుగు ఉంది, చెరువు నిండితే నీళ్లు నిలిచే శిఖం భూమి ఉంది. వీటికి ఫొటో అందం లేదు కాబట్టి ఎవరూ అడగరు. బైపాస్ వచ్చి, యూనివర్సిటీ వచ్చి ఈ వైపు భూమి ధర ఎట్లా ఉందో మీకు నేను చెప్పాలా?

మున్సిపల్ కార్పొరేషన్‌కు అర్జీ పెట్టుకుంటే ముందు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే మట్టం) హద్దురాళ్లు అడుగుదాం. శిఖంలో ఒక్క ప్లాటు పడకముందే ఆ రాళ్లు పాతాలి. బెంచీలు వచ్చే ఏడాది అడిగినా వస్తాయి.