లేడి లేచింది, పరుగు నాది

కిశోర్: నమస్కారం, నేను కిశోర్. అక్క లైన్లోనే ఉంది. అక్కా, ఈసారి కుక్కర్ కట్టేశావా?

సునీత: కట్టేశాలే. తొందరగా మొదలెట్టు, ఏడున్నరకి పిల్లాడి బస్సు.

కిశోర్: ఈ వారం మన విషయం నారా. ఆ నారా కాదు, ముందే చెప్తున్నా, మళ్ళీ మెసేజ్‌లు పెట్టకండి. జపాన్‌లో నారా అని ఊరు. ఒసాకా నుంచి రైల్లో ముప్పావు గంట కూడా పట్టదు. స్టేషన్ దిగి పార్కు వైపు నడుస్తుంటే రోడ్డుకడ్డంగా దుప్పులు. బస్సు ఆగింది, టాక్సీలు ఆగాయి, అవి మాత్రం పెళ్ళికి పోతున్నట్టు నిదానంగా...

సునీత: జింకలు.

కిశోర్: దుప్పులక్కా. జింకకి కొమ్ములు రాలవు, ఒకసారి మొలిస్తే చచ్చేదాకా అవే. దుప్పికి ఏటా రాలి మళ్ళీ మొలుస్తాయి. నారాలో ఉన్నవి రాలే రకం.

సునీత: పోయిన నెలంతా పాలపిట్ట, ఇప్పుడు దుప్పి. సరే కానీ.

కిశోర్: మన వాళ్ళు లేడికి లేచిందే పరుగు అంటారు కదా. అక్కడ లేడి లేచింది, పరుగు నేను తీశాను. ఏమైందంటే, దుప్పులకి పెట్టడానికని బిస్కెట్లు అమ్ముతారు. కట్ట 200 యెన్లు. తవుడూ గోధుమపిండీ, అంతే, చక్కెర ఉండదు. కట్ట చుట్టూ ఉండే కాగితం కూడా అవి తిన్నా ఏం కాదు. అమ్మే ఆవిడ బల్ల మీద గుట్ట పోసుంది. పక్కనే నాలుగు నిలబడ్డాయి, బల్ల మీదవి ముట్టవు! నేను డబ్బులిచ్చి కట్ట చేతిలోకి తీసుకున్నానో లేదో, నాలుగు తలలూ ఇటు తిరిగాయి. ఒకటి ముందుకొచ్చి తల వంచి దణ్ణం పెట్టింది. మళ్ళీ పెట్టింది. నేను ఫోన్ తీసి వీడియో...

సునీత: నువ్వు వీడియో తీస్తుంటే అది ఆగుతుందా?

కిశోర్: ఆగలేదు. మూడో దణ్ణం అవగానే తలతో పొట్టలో ఒక్కటిచ్చింది. వెనక నుంచి ఇంకోటి చొక్కా పట్టుకుంది. మొత్తం కట్ట గాల్లోకి వదిలేసి పరిగెత్తాను. కరుస్తాయి, తంతాయి, కుమ్ముతాయి, పడేస్తాయి అని నాలుగు బొమ్మలేసి బోర్డు కూడా పెట్టారు. నేను దాని పక్కన నిలబడి సెల్ఫీ తీసుకున్నా, చదవలేదు.

సునీత: చొక్కా చిరిగిందా?

కిశోర్: తడిసింది. నలిగింది. చిరగలేదు.

సునీత: చిరగదు. దానికి పై దవడలో ముందు పళ్ళుండవు. కింద పళ్ళు, పైన గట్టి చిగురు. మధ్యలో ఇరికించి లాగుతుంది.

కిశోర్: ఇది నీకెలా తెలుసు?

సునీత: గోంగూర చెప్పింది.

కిశోర్: అయిపోయింది. విన్నారుగా, ఎపిసోడ్ అయిపోయింది.

సునీత: నువ్వే అడిగావు, విను. పోయినేడాది మార్చిలో బేస్‌మెంట్‌లో లైటు కింద విత్తనాలు వేశాను. ఇక్కడ న్యూజెర్సీలో మే నెల సగం గడిస్తే గానీ మంచు భయం పోదు. అప్పుడు పెరట్లో నాటాను. ఇరవై రెండు మొక్కలు. జూలైకి మోకాలెత్తు వచ్చాయి. ఆదివారం కోసి పచ్చడి నూరుదామనుకున్నా. శనివారం పొద్దున చూస్తే కాడలు.

కిశోర్: ఇరవై రెండూ?

సునీత: పంతొమ్మిది. మీ బావ కుందేలు అన్నాడు. మూడ్రోజులు కుందేలు అనే అన్నాడు. కుందేలు కొరికితే బ్లేడుతో ఏటవాలుగా కోసినట్టుంటుంది రా. ఇక్కడ ప్రతి కాడ చివరా పీచు వేలాడుతోంది, పట్టి లాగినట్టు. గోంగూర కాడకి పీచు ఎంతుంటుందో నీకు తెలుసుగా. అప్పుడు వెతికితే తెలిసింది, ఇది దుప్పి పనని, ఆ పళ్ళ సంగతీ.

కిశోర్: డిటెక్టివ్ సునీత.

సునీత: నాలుగో రోజు ఐదున్నరకి లేచి కిటికీ దగ్గర కూర్చున్నా. వచ్చింది. తల్లి, రెండు పిల్లలు, పిల్లల ఒంటి నిండా తెల్ల చుక్కలు. తలుపు తీసి బయటికెళ్ళాను. పదడుగుల దూరం. హుష్ అన్నాను. ఒక చెవి మాత్రం నా వైపు తిప్పింది. నోరు ఆగలేదు. దవడ పక్కకి అలా అలా తిరుగుతోంది, మా నాయనమ్మ వక్క నమిలినట్టు.

కిశోర్: ఎంత బాగుంది అక్కా! చూడు, చుక్కల పిల్లలు, తెల్లవారుజామున...

సునీత: బాగుందా? పచ్చడి పోయింది రా!

కిశోర్: అవి ముందు నుంచీ అక్కడ ఉన్నాయి, మీరే తర్వాత వెళ్ళి ఇళ్ళు కట్టుకున్నారు.

సునీత: అందరూ ఇదే మాట. ఒరేయ్, వాటికి కావలసింది దట్టమైన అడవి కాదు. అడవి అంచు కావాలి, లేత చిగుళ్ళు కావాలి. మేం కట్టింది సరిగ్గా అదే. నాలుగు చెట్లు, పక్కన లాన్, ప్రతి ఇంటి ముందూ పూలమొక్కలు. తోడేళ్ళు ఎప్పుడో పోయాయి. ఇళ్ళ మధ్య వేట కుదరదు. హోటల్ కట్టి బోర్డు పెట్టలేదు, అంతే తేడా.

కిశోర్: మరి కంచె?

సునీత: ఎనిమిదడుగులు ఉంటే గానీ దూకకుండా ఉండదు. మా టౌన్‌షిప్ వాళ్ళు ఆరు దాటనివ్వరు. కుళ్ళిన గుడ్ల నీళ్ళు చల్లాను. వాన పడిందాకా పనిచేసింది. మా పక్కింట్లో వాళ్ళు కూడా పెరట్లోకి రావడం మానేశారు.

కిశోర్: (నవ్వు) పుదీనా?

సునీత: వాసన చూసి వదిలేసింది. పుదీనా ఒక్కటే మిగిలింది. వారం రోజులు పుదీనా పచ్చడే.

కిశోర్: నాకైతే ఒక సందేహం. హైదరాబాద్‌లో మా ఇంటి దగ్గర హరిణ వనస్థలి ఉంది కదా, 1975లో పెట్టింది. అక్కడున్న కృష్ణజింకలు, అవీ అసలు జింకలంటే, మనిషి కనపడితే చాలు, గడ్డిలో గీత గీసినట్టు పారిపోతాయి. ఎన్నిసార్లు వెళ్ళినా వీపే కనపడింది. ఆంధ్ర రాష్ట్ర జంతువు కృష్ణజింక. తెలంగాణ వాళ్ళు 2014లో పెట్టుకున్న జింక ఏమో చుక్కల దుప్పి. అంటే పేరు జింక, జంతువు దుప్పి...

సునీత: కిశోర్.

కిశోర్: ఒక్క నిమిషం, ఇది ముఖ్యం...

సునీత: ఆ పారిపోయేవే మర్యాదస్తులు. నేను చెప్పేది అదే. మా సందులో ఒక పెద్దాయన ఆపిల్ ముక్కలు వేస్తాడు. చేత్తో తినిపిస్తాడు, ఫొటోలు పెడతాడు. ఆయన దగ్గర భయం పోతే అది ఒక్క ఆయన దగ్గరే పోతుందా? నా దగ్గరా పోతుంది, కుక్క దగ్గరా పోతుంది, కారు దగ్గరా పోతుంది.

కిశోర్: కారు అంటే...

సునీత: అదే ఏడాది నవంబరులో. సాయంత్రం ఐదింటికే చీకటి. మగవి ఆ నెలల్లో ఆడదాని వెనక ఒళ్ళు తెలీకుండా తిరుగుతాయి, రోడ్డు చూడవు. మా మలుపు దగ్గర పడుంది. చిన్నది. అప్పటికి చుక్కలు పోతాయి కాబట్టి ఆ రెండింట్లో ఒకటో కాదో చెప్పలేను. హజార్డ్ లైట్లు వేసుకుని కారులోనే కూర్చున్నా. ఎవరికో ఫోన్ చేయాలి, నంబరు కూడా తెలీదు.

కిశోర్: ఇది నాకెప్పుడూ చెప్పలేదు.

సునీత: నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు.

కిశోర్: ఊఁ. నారాలో కూడా... 2019లో చచ్చిపోయిన ఒకదాని కడుపులో 4.3 కిలోల ప్లాస్టిక్ దొరికింది. బిస్కెట్ల వాసన అంటిన సంచులు, అవీ ఇవీ. రెండో ప్రపంచ యుద్ధం అయ్యేసరికి అక్కడ 79 మిగిలాయట. ఇప్పుడు పదమూడు వందలు పైనే.

సునీత: అంతమందికీ బిస్కెట్లేనా?

కిశోర్: కాదు, ముఖ్యంగా గడ్డే. బిస్కెట్ చిరుతిండి. ఇంకా నారాలోనే ఉన్న కసుగ గుడి కథ రాసుకున్నా, దేవుడు తెల్ల దుప్పి మీద వచ్చాడని, అందుకే శతాబ్దాలుగా వాటి జోలికి పోలేదని. అక్టోబరులో మగవాటి కొమ్ములు కోసే ఉత్సవం, 1672 నుంచి. దాని గురించి రెండు పేజీలు...

సునీత: ఒక్క ముక్కలో చెప్పు, ఏడు ఇరవై అయింది.

కిశోర్: కొమ్ములు కోస్తారు.

సునీత: (నవ్వు) అయింది.

కిశోర్: నొప్పి ఉండదు, అప్పటికి ఎండిపోయి గోరులా ఉంటాయి. జింకకైతే అలా కోయడానికి...

సునీత: ఆపరా బాబూ. ఈ ఏడు గోంగూర ఆరు మొక్కలే వేశాను, చుట్టూ ఇనుప వల, పైన కూడా మూత. కోసుకోవాలంటే నేనే దొంగలా చెయ్యి దూర్చాలి. అది మాత్రం రోజూ వస్తుంది, వల చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి పోతుంది.

కిశోర్: ఒకటి చెప్పనా. రెండోసారి కట్ట కొన్నాను. ఈసారి ఒక్కోటీ తొందరగా ఇచ్చేశాను, వీడియో లేదు. అయిపోయాక అక్కడావిడ చూపించింది, రెండు అరచేతులూ ఇలా విప్పి చూపాలట, ఖాళీ అని. చూపించాను. ఒకటి దగ్గరికొచ్చి అరచేతిలో ముక్కు పెట్టింది. చల్లగా, తడిగా. ఊపిరి తగిలింది. రెండు సెకన్లు. తర్వాత నన్ను చూడనైనా చూడకుండా పక్కనున్న చైనా ఆవిడ దగ్గరికి వెళ్ళిపోయింది.

సునీత: బాధేసిందా?

కిశోర్: కొంచెం. అంటే, దణ్ణాలు పెట్టింది కదా అప్పటిదాకా...

సునీత: బస్సు రా, బస్సు వచ్చేసింది! ఒరేయ్ షూస్ ఎక్కడ, నిన్ను కాదు...

కిశోర్: వెళ్ళు, వెళ్ళు.