అంచు రెండుగా కనిపించే రాయి

అందరికీ నమస్కారం. ఇక్కడ నగలు కొనేవాళ్లూ ఉన్నారు, బల్ల దగ్గర కూర్చుని రాళ్లు పొదిగేవాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ పనికొచ్చే సంగతులే చెబుతాను.

ముందు పేరు సంగతి. మొయిసనైట్‌ని చాలామంది నకిలీ వజ్రం అంటున్నారు. కెంపుని నకిలీ పచ్చ అనం కదా! వజ్రం అంటే స్వచ్ఛమైన కార్బన్. మొయిసనైట్ అంటే సిలికాన్, కార్బన్ కలిసిన సిలికాన్ కార్బైడ్. రెండూ వేర్వేరు పదార్థాలు, వేర్వేరు రాళ్లు. ఒకదాన్ని రెండోదని చెప్పి అమ్మినప్పుడే మోసం అవుతుంది. అలాగే, అమెరికన్ డైమండ్ అని మనం పిలిచేది క్యూబిక్ జిర్కోనియా. అది మూడో రాయి, ఈ రెండింటికీ సంబంధం లేనిది.

మొయిసనైట్ చరిత్రే పొరపాటుతో మొదలైంది. అమెరికాలోని అరిజోనాలో కాన్యన్ డయాబ్లో దగ్గర ఉల్క పడి ఏర్పడిన పెద్ద గొయ్యి ఉంది. అక్కడి ముక్కల్లో 1893లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆన్రీ మొయిసాన్‌కి మెరిసే సన్నని స్ఫటికాలు కనిపించాయి. మొదట వజ్రాలే అనుకున్నారు. 1904లో అవి సిలికాన్ కార్బైడ్ అని తేల్చారు. మరుసటి ఏడాది ఆ ఖనిజానికి ఆయన పేరు పెట్టారు. ప్రకృతిలో దొరికేవి అతి చిన్న ముక్కలు, నగకు పనికిరావు. దుకాణంలో ఉన్న మొయిసనైట్ అంతా 2000 డిగ్రీలు దాటిన వేడిలో ల్యాబులో పెంచినదే. నగల రాయిగా అమ్మకానికి వచ్చింది 1990ల చివర్లో. కాబట్టి “ఇది ఆకాశం నుంచి పడిన రాయండీ” అని ఎవరైనా అమ్మబోతే నమ్మకండి.

ఈ పదార్థం మనకు కొత్తదేమీ కాదు. కత్తులు నూరే కార్బొరండం సానరాయి, పెయింటర్లు వాడే నల్లటి వాటర్ పేపర్ మీది గరుకు, రెండూ సిలికాన్ కార్బైడే. దాన్ని మలినాల్లేకుండా, తెల్లగా, ఒకే స్ఫటికంగా పెంచితే నగల రాయి అవుతుంది. గట్టిదనం ఎక్కడిదో దీన్నిబట్టే తెలుస్తుంది. ఏది దేన్ని గీస్తుందో చెప్పే మోస్ కొలతలో కెంపు, నీలం 9, మొయిసనైట్ 9.25, వజ్రం 10. అంకెలు దగ్గరగా ఉన్నాయని మోసపోకూడదు. ఆ కొలత వరుసను మాత్రమే చెబుతుంది. 9కీ 10కీ మధ్య ఉన్న దూరం చాలా పెద్దది. రెండు నగలూ ఒకే డబ్బాలో వేస్తే వజ్రం మొయిసనైట్‌ని గీస్తుంది.

ఇక మెరుపు. అసలు తేడా ఇక్కడే ఉంది. కాంతిని వంచే గుణం, అంటే వక్రీభవన గుణకం, వజ్రానికి 2.417. మొయిసనైట్‌కి 2.65 నుంచి 2.69 వరకు. తెల్లని కాంతిని రంగులుగా విడగొట్టే గుణం వజ్రానికి 0.044, మొయిసనైట్‌కి 0.104, అంటే రెట్టింపు కంటే ఎక్కువ. పెళ్లి మండపంలో లైట్ల కింద మొయిసనైట్ ఇంద్రధనుస్సులా రంగులు చిమ్ముతుంది. వజ్రంలో తెల్లని తళుకు ఎక్కువ, రంగు మధ్యమధ్యలో మాత్రమే తొంగిచూస్తుంది. రాయి చిన్నదైతే ఈ తేడా కంటికి అందదు. 8 మిల్లీమీటర్ల ఉంగరం రాయిలో మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నా అభిప్రాయంలో ఏడు రాళ్ల దుద్దులకి, ముక్కుపుడకకి మొయిసనైట్ చక్కగా నప్పుతుంది. పెద్ద ఒంటిరాయి ఉంగరంలో ఆ రంగుల జల్లు అందరికీ నచ్చదు. ఎండలోనూ ట్యూబులైటు కిందా రెండుచోట్లా చూశాకే కొనండి.

ఇప్పుడు గుర్తుపట్టడం. ఇంటి చిట్కాలేవీ పనిచేయవు. నీళ్లలో వేస్తే రెండూ మునుగుతాయి. నోటితో ఆవిరి ఊదితే రెండింటి మీదా మంచు వెంటనే పోతుంది, ఎందుకంటే రెండూ వేడిని వేగంగా లాగేస్తాయి. గాజుని రెండూ గీస్తాయి. వేడి ఆధారంగా పనిచేసే పాత పెన్ను టెస్టరు మొయిసనైట్‌ని కూడా వజ్రమనే చూపిస్తుంది, కారణం మళ్లీ అదే.

అందుకే విద్యుత్తు కూడా పరీక్షించే టెస్టరు వచ్చింది. మొయిసనైట్ కొద్దిగా విద్యుత్తును పోనిస్తుంది, మామూలు తెల్ల వజ్రం పోనివ్వదు. దీన్ని వాడేటప్పుడు రాయి శుభ్రంగా, గది వేడిలో ఉండాలి. ఇప్పుడే వేలి నుంచి తీసిన ఉంగరాన్ని కాసేపు పక్కన పెట్టండి. టెస్టరు మొనని రాయి పైపలకకు నిట్టనిలువుగా ఆనించండి. పక్కనున్న బంగారానికి తగిలితే తప్పు జవాబు వస్తుంది, చిన్న రవ్వల దగ్గర ఎక్కువగా జరిగేది ఇదే. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ మధ్య వచ్చే బాగా శుద్ధమైన మొయిసనైట్‌లు కొన్నింటిలో విద్యుత్తు చాలా తక్కువగా పోతుంది, అలాంటివాటిని టెస్టరు వజ్రమనేస్తుంది. నీలి వజ్రాల్లో కొన్ని సహజంగానే విద్యుత్తు పోనిస్తాయి, వాటిని తప్పుగా మొయిసనైట్ అనేస్తుంది. యంత్రం మీదే భారం వేయకండి.

నమ్మదగ్గది 10 రెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం, అంటే లూప్. వజ్రంలో కాంతి ఒకే దారిన పోతుంది. మొయిసనైట్‌లో రెండుగా చీలి పోతుంది. అందుకని రాయి లోపలికి చూస్తే అడుగు పలకల అంచులు జంట గీతలుగా కనిపిస్తాయి. అయితే పైపలక మీంచి నేరుగా చూస్తే ఇది కనిపించకపోవచ్చు. కాంతి చీలని దిక్కు పైకి వచ్చేలాగే సానపట్టేవాళ్లు రాయిని కోస్తారు. తొందరలో పైనుంచి ఒకసారి చూసి “వజ్రమే” అనేవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. రాయిని పక్కకి వంచి, పక్క పలకల్లోంచి ఏటవాలుగా అవతలి అంచుల్ని చూడాలి. కొద్దికొద్దిగా తిప్పుతూ కనీసం మూడు దిక్కుల నుంచి చూడండి. లోపల వరసగా తెల్లని సూదుల్లాంటి సన్నని గీతలుంటే అదీ మొయిసనైట్ గుర్తే. రవ్వల నెక్లెస్‌లో ఒక రాయి చూసి వదిలేయకూడదు, వజ్రాల మధ్యలోనే మొయిసనైట్‌ని కలిపేస్తారు.

విడి రాయి అయితే తూకమూ చెబుతుంది. వజ్రం సాంద్రత 3.52, మొయిసనైట్‌ది 3.22. గుండ్రని వజ్రానికి ఓ లెక్కుంది. వ్యాసాన్ని వ్యాసంతో, తర్వాత లోతుతో, చివర 0.0061తో హెచ్చిస్తే క్యారెట్లు వస్తాయి. 6.5 మిల్లీమీటర్ల వ్యాసం, 3.9 లోతు అయితే 1 క్యారెట్. అదే కొలతల మొయిసనైట్ సుమారు 0.92 తూగుతుంది. అంచు మందాన్ని బట్టి కాస్త అటూఇటూ అవుతుంది. దుకాణాల్లో “1 క్యారెట్ మొయిసనైట్” అంటే చాలాసార్లు 1 క్యారెట్ వజ్రమంత సైజు అని అర్థం. అందుకే మిల్లీమీటర్లు అడగండి.

పొదిగేవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. వజ్రం అన్నిటికన్నా గట్టిది, కానీ నాలుగు దిక్కుల్లో సులువుగా చీలుతుంది. బాదం, పియర్ ఆకారాల కొనల మీద కొక్కెం గట్టిగా నొక్కితే కొన ఎగిరిపోతుంది. మొయిసనైట్‌లో అలా తేలిగ్గా చీలే దిక్కులు లేవు. టార్చి మంట దగ్గర వజ్రం పైపొర కాలి పాలలా మసకబడుతుంది. మళ్లీ సానపట్టాల్సిందే, బరువు పోతుంది. అందుకే స్పిరిట్‌లో కలిపిన బోరిక్ యాసిడ్ పూసి, స్పిరిట్‌ని కాల్చేసి, తెల్లని పూత నిలిచాకే మంట పెట్టాలి. మొయిసనైట్ వేడికి పసుపు రంగులోకి మారవచ్చు. కంగారు పడకండి, చల్లారితే రంగు తిరిగొస్తుంది. ఏ రాయినైనా వేడిమీద నీళ్లలో ముంచకండి, తనంతట తానే ఆరనివ్వండి.

ఇంట్లో శుభ్రం చేయడానికి గోరువెచ్చని నీళ్లలో నాలుగు చుక్కల గిన్నెల లిక్విడ్ వేసి, పావుగంట నానబెట్టి, మెత్తని బ్రష్‌తో వెనకవైపు రుద్దండి. వజ్రానికి జిడ్డు ఇట్టే అంటుకుంటుంది. మొయిసనైట్ మీద నూనె తెట్టులాంటి రంగుల పొర వస్తే వెండి తుడిచే పాలిష్ గుడ్డతో పోతుంది. రాయి వెనక రేకు పెట్టి మూసిన పాతకాలపు నగైతే నానబెట్టొద్దు. నీళ్లు లోపలికి దిగితే రేకు నల్లబడుతుంది.

కొనేవాళ్లు బిల్లు జాగ్రత్తగా చదవాలి. హాల్‌మార్క్, నగ మీద ఉండే ఆరు అక్షరాలు, అంకెల గుర్తింపు కోడ్ హెచ్‌యూఐడీ బంగారం స్వచ్ఛతకు సంబంధించినవే, రాయి గురించి ఒక్క ముక్క చెప్పవు. రాయి పేరు, సంఖ్య, బరువు విడిగా రాయించండి. రాళ్ల బరువు తీసేశాకే బంగారం ధర కట్టాలి. 5 క్యారెట్ల రాళ్లంటే 1 గ్రాము. ల్యాబులో పెంచిన వజ్రం టెస్టరుకీ లూప్‌కీ సాధారణంగా వజ్రంలాగే కనిపిస్తుంది, ఎందుకంటే అది వజ్రమే. సహజమా, ల్యాబా అన్నది రత్న పరీక్షశాలలోనే తేలుతుంది. మొయిసనైట్‌తో వచ్చే కార్డుల మీది మూడక్షరాల పేరు పేరున్న వజ్రాల ల్యాబు పేరులా కనిపించవచ్చు. ప్రతి అక్షరం చూడండి. తిరిగి అమ్మితే ఎంతిస్తారో కొనేముందే రాతపూర్వకంగా అడగండి. మొయిసనైట్‌కి చాలాచోట్ల బంగారం విలువే ఇస్తారు.

బల్ల మీద ఆరు రాళ్లు, మూడు లూప్‌లు ఉన్నాయి. వరసగా రండి. రాయిని చిమటాతో పట్టుకుని వంచి చూసి, అంచులు జంటగా కనిపించిన నంబర్లు కాగితం మీద రాసివ్వండి.